బుగ్గారావు దంపతులకి మేత మార్పించిన వైనం

ఇప్పుడంటే ఏ పిట్టకి ఏ మేత వెయ్యాలో ఫోనుని అడిగితే అదే చెప్పేస్తోంది గానీ, మా కుర్రతనంలో ఫోన్లకి అంత తెలివి ఉండేది కాదండి. ఆ తెలివంతా మాకే ఉండేది. అంటే, ఉందని మేం అనుకునేవాళ్ళం. పదో తరగతి సగంలో బడికి ఓ దణ్ణం పెట్టేసి (బడి కూడా నాకు తిరిగి దణ్ణం పెట్టిందనుకోండి) మా బావగారి చేపల చెరువుల మీద చేరిపోయాను. బావగారంటే మా అక్క మొగుడు. భీమడోలు దాటి కొల్లేరు వైపు దిగితే ఆయన చెరువులు, గట్టు మీద రేకుల గది, ఆ గదిలో నేను. చేపలకి మేత వెయ్యడం, చేపల్ని మింగడానికొచ్చే నీటికాకుల్ని టపాకాయలు పేల్చి తరమడం నా ఉద్యోగం. చుట్టుపక్కల ఈ రెండు విద్యల్లోనూ నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. నాకు తప్ప ఇంకెవరికీ ఆ నమ్మకం లేకపోవడం వేరే సంగతి.

ఆ నమ్మకాన్ని ఊరికే గట్టు మీదే ఉంచుకోవచ్చు కదా, నా ప్రధానం నాడు పెళ్ళికూతురింటికి కూడా తీసుకెళ్ళాను. అమ్మాయిది తాడేపల్లిగూడెం. ఏలూరు హాస్టల్లో ఉండి టీచర్ ట్రైనింగు చదువుతోంది. (బడి వదిలేసినవాడికి టీచరుని కట్టబెట్టడం దేవుడి హాస్యం కాకపోతే ఏంటి?) పాస్టరుగారు ప్రార్థన ముగించారు, ఉంగరాలు మార్చుకున్నాం, కేకు పంచుతున్నారు. అప్పుడు వరండాలోంచి రబ్బరు బొమ్మని నొక్కినట్టు 'పీప్, పీప్' అని చప్పుడు. వెళ్ళి చూస్తే పంజరంలో బొటనవేలంత పిట్టలు రెండు. ఫించ్ పిట్టలంట. మగదానికి ఎర్రముక్కు, నారింజ రంగు బుగ్గలు, కాబట్టి పేరు బుగ్గారావు. ఆడది బుజ్జమ్మ. వెనకాలే టీచరుగారు వచ్చి నిలబడింది. మాట్లాడటానికి దొరికిన మొదటి అవకాశం కదా, గొంతు సవరించుకుని, "బాగున్నాయండి. ఏం తింటాయండి?" అన్నాను.

అంతే, ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బుజ్జమ్మ కిందటిసారి పెట్టిన గుడ్డుకి పెంకు కాగితంలా ఉందంట, అది లోపలే ఇరుక్కుని పిట్ట చావు దాకా వెళ్ళొచ్చిందంట. పశువుల డాక్టరుగారు చూసి, వట్టి కొర్రలు తింటే పిట్టకి బలం ఎక్కడినుంచి వస్తుందమ్మా, గుళికల మేతకి అలవాటు చెయ్యండి, ఆ బలం ఒంట పట్టేదాకా గూడుకి గడ్డిపోచ కూడా అందనివ్వకండి, ఈలోగా మళ్ళీ గుడ్డుకొస్తే మాత్రం దక్కదు అన్నారంట. ఇవేమో గుళికల వంక కన్నెత్తి చూడటం లేదు. తనేమో హాస్టలుకి వెళ్ళిపోవాలి.

"ఇంతేనా టీచరుగారూ! మేత సంగతి నాకొదిలెయ్యండి. లక్ష చేపల్ని మేపుతున్న చెయ్యండి ఇది."

"చేపలూ పిట్టలూ ఒకటేనాండీ?"

"నోరున్నదేదైనా ఒకటేనండి."

మా బావగారికి కేకు పొలమారింది. ఆ అమ్మాయి మాత్రం నమ్మేసి పంజరం నా చేతికిచ్చి, "ఏవండీ, బుజ్జమ్మకేమన్నా అయిందో..." అని ఆగిపోయింది. ఆ మాటని తిరిగొచ్చేటప్పుడు రైల్లో బావగారు పూర్తి చేశారు. "అయిందో, నీ ఉంగరం నీ చేతికి తిరిగొచ్చేస్తుందిరా బామ్మర్దీ. అది చదువుకున్న పిల్ల, నోటితో చెప్పదు."

మర్నాడే ఏలూరులో రంగు చేపలూ పిట్టలూ అమ్మే కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన రెండు రకాల గుళికలు నా ముందు పెట్టాడు. మా చెరువుల్లోకి అప్పుడప్పుడే నీళ్ళ మీద తేలే మేత దిగుతోంది. తేలేదైతే మేలురకం, మునిగేదైతే నాసిరకం అని మా వాళ్ళ లెక్క. నేనింక ఆలోచిస్తానా? "ఓ గ్లాసుడు నీళ్ళివ్వండి" అన్నాను. దాహమేమో అనుకుని ఇచ్చాడు. రెండు రకాలూ చెరో గుప్పెడు అందులో పోశాను. ఒకటి తేలింది, ఒకటి మునిగింది. తేలినదాన్ని వాసన చూస్తే ఏదో పండు వాసన. మేతన్నాక కాస్త చేప కంపు కొట్టాలి కదా అని అనుమానమొచ్చింది గానీ, తేలిందిగా, సరిపెట్టుకున్నాను. కొట్టాయన ఆ గ్లాసు వంకా నా వంకా చూసి, "ఏవండీ, మీ పిట్టలు ఈదుతాయాండీ?" అన్నాడు. "ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాయండి" అని చెప్పి బస్సెక్కేశాను.

మొదట కొర్రల్లో గుళికలు సగానికి సగం కలిపి పెట్టాను. సాయంత్రం చూస్తే గిన్నెలో గుళికలు అలాగే ఉన్నాయి. కానీ కొర్రలూ అలాగే ఉన్నాయి! కొర్రలు మానేశాయంటే సగం గెలిచినట్టేనని కేక పెట్టి బావగారిని పిలిచాను. ఆయన వచ్చి గిన్నె ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఉఫ్‌మని ఊదారు. కొర్రలన్నీ లేచిపోయి నా మీసాల్లో పడ్డాయి. అంతా పొట్టేనండి. లోపల గింజ తినేసి, పొట్టుని ఎక్కడిదక్కడ బుద్ధిగా సర్దిపెట్టేశారు దంపతులు. "వరి పండే చోట పుట్టి ఊకకీ గింజకీ తేడా తెలీదురా నీకు? ఇంకో పూట కొర్రలు నిండుగానే ఉన్నాయని వదిలేసుంటే పస్తుతో పోయేవి" అన్నారు. అప్పటికప్పుడు చేటలో కొర్రలు చెరిగి నిండా పోశాను. బుగ్గారావు తింటూ తింటూ మధ్యలో తలెత్తి 'పీప్' అన్నాడు. అది థాంక్స్ కాదు, వెక్కిరింత. ఆ మాత్రం వెక్కిరింత నాకు తెలుసు, నేను బడిలో ఉన్నంతకాలం మాస్టార్లని చేసింది అదే.

అప్పుడు మెరిసిందండి నా బుర్రలో మహత్తరమైన ఆలోచన! చెరువుల్లో తవుడూ నూనెచెక్కా ఎలా పెడతాం? సంచికి చిల్లులు పొడిచి, మేత నింపి, వెదురు గెడకి కట్టి వేలాడదీస్తాం. చేపలు ఆ చిల్లుల దగ్గరికొచ్చి పొడుచుకుని పొడుచుకుని తింటాయి. ఏ చేపకీ ఎవరూ నేర్పక్కర్లేదు. పిట్టకైతే ముక్కే ఉంది, పొడవడానికే పుట్టింది! మర్నాడు పొద్దున్నే పాత గోనెసంచి కత్తిరించి, అరచేయంత బుల్లి సంచి కుట్టి, చిల్లులు పొడిచి, గుళికలు పోసి, పుల్లకి కట్టి పంజరంలో వేలాడదీశాను. నిజం చెబుతున్నానండి, కట్టీ కట్టగానే ఇద్దరూ ఎగిరొచ్చి సంచి మీద వాలారు. పొడుస్తున్నారు! లాగుతున్నారు! నేను గట్టు మీద ఈ చివరినుంచి ఆ చివరికి పరిగెత్తాను. ఆ ఆనందంలో పేల్చాల్సిన టపాకాయలకంటే ఎక్కువే పేల్చాను. ఆ పూట నీటికాకులు కొల్లేరు దాటి వెళ్ళిపోయుంటాయి.

ఆ సాయంత్రం టీచరుగారు హాస్టలు ముందున్న కాయిన్ బాక్సునుంచి నా బటన్ల సెల్లుకి ఫోను చేసింది.

"ఎలా ఉన్నాయండీ?"

"అదరగొట్టేస్తున్నాయి! సంచి కడితే పొద్దుణ్ణుంచీ దాన్ని వదిలితే ఒట్టు! పోచ పోచ లాగి మూలకి పట్టుకెళ్ళి..." అంటూనే పంజరం వంక చూశాను. మూలన గోనె పోగులతో చక్కగా, గుండ్రంగా, మెత్తగా ఓ గిన్నెలాంటిది తయారై ఉంది. మధ్యలో బుజ్జమ్మ కూర్చుని ఉంది. గుళికలన్నీ కింద రాలిపోయి ఉన్నాయి, ఒక్కటి కూడా ముట్టలేదు. "...గూడు కట్టేసుకున్నాయండి" అన్నాను.

"ఏంటీ? గూడా? గడ్డిపోచ కూడా అందనివ్వకండని చెబితే మీరు ఏకంగా గోనెసంచి..." కట్. కాయిన్ బాక్సు సంగతి మీకు తెలుసుగా, బిళ్ళ అయిపోతే కాళ్ళు పట్టుకున్నా ఆగదు. తిట్టు సగంలో తెగిపోతే మిగతా సగాన్ని ఎవరికివాళ్ళే ఊహించుకోవాలి. నా ఊహ చాలా దూరం వెళ్ళింది.

మర్నాడు మొదటి రైలుకే తాడేపల్లిగూడెం వెళ్ళి డాక్టరుగారి ముందు నిలబడ్డాను. గ్లాసు సంగతీ, సంచి సంగతీ విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "గూడు కట్టాక ఇప్పుడు పీకేస్తే దిగులు పడుతుంది, గుడ్డు నేల మీద పెడుతుంది. ఉండనివ్వు. గుడ్డు ఏ రోజైనా రావచ్చు. ఈలోగా దాని ఒంట్లోకి బలం వెళ్ళాలి. గుళికలు అలాగే పోశావా? దాని నోరెంత, ఆ గుళిక ఎంతయ్యా? చేపపిల్లకి పెద్ద చేప మేత వేస్తావా నువ్వు?"

"వెయ్యనండి. దంచి పిండి చేసి వేస్తానండి."

"మరి?"

లక్ష చేపల్ని మేపిన చెయ్యిని మెల్లిగా వెనక్కి దాచుకున్నాను. కోడిగుడ్డు ఉడికించి చిదిపి, అందులో గుళికల పొడి, కాస్త గుడ్డు పెంకు పొడి కలిపి పెట్టమన్నారు. గుడ్డుకొచ్చిన పిట్టకి కోడిగుడ్డంటే ప్రాణమంట. రోజురోజుకీ పొడి పెంచుతూ, గుడ్డు తగ్గిస్తూ పోవాలి. కొర్రలు మాత్రం ఆపకూడదు. "మార్చాలిగానీ మాడ్చకూడదు" అన్నారు. ఆ మాట బాగా గుర్తుపెట్టుకున్నాను. అది మళ్ళీ నా మెడకే చుట్టుకుంటుందని అప్పుడు తెలీదు.

అక్కడినుంచి మా గట్టు మీద మొదలైంది చూడండి హడావిడి! టపాకాయల చప్పుడుకి బుజ్జమ్మ గూట్లోంచి ఎగిరి పంజరానికి కొట్టుకుంటోందని గది పక్కనున్న చెరువు దగ్గర పేల్చడం మానేశాను. నీటికాకులకి ఆ కబురు ఎవరు మోశారోగానీ బంధుమిత్ర సపరివారంగా దిగిపోయాయి. నేను తువ్వాలు ఊపుతూ, నోరు మాత్రం మూసుకుని, మూగనాటకంలా గట్టంతా గెంతేవాణ్ణి. పగలంతా పిట్టల్ని పొమ్మని దండాలు, మిగతా టైమంతా పిట్టల్ని తినమని దండాలు. బావగారు చూసి, "నీ పిట్ట గుడ్డు కోసం నా చెరువు మొత్తం నీటికాకులకి చర్చిలో పెట్టినట్టు ప్రేమవిందు పెడుతున్నాను కదరా!" అని గోల. అలా గోల చేస్తూనే ఉడికించిన గుడ్డు పొట్లం కట్టి మా అక్కచేత పంపించింది ఆయనే. ముందంతా గట్టెక్కగానే "గాలందక చేపలేమన్నా తేలాయా?" అని అడిగేవారు. ఇప్పుడు చెప్పులు విడుస్తూనే, "తిందా?" అంటున్నారు.

తినలేదు. గుడ్డు ముద్ద వంక ఒక కంటితో చూసింది, తల తిప్పి రెండో కంటితో చూసింది, పోయి కొర్రలు తింది. మర్నాడూ అంతే. గూట్లో ఒళ్ళు ఉబ్బించుకుని కూర్చునేసరికి ఇంక గుడ్డు వచ్చేస్తుందేమోనని నాకు ముద్ద దిగలేదు. ఓ మధ్యాహ్నం నేనూ బావగారూ తలుపు సందులోంచి, ఆయన పైనుంచీ నేను కిందనుంచీ, ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. బుజ్జమ్మ దిగింది. గిన్నె అంచున వాలింది. ముద్దని ఒక పొడుపు పొడిచింది. ముక్కు పుల్లకేసి తుడుచుకుంది. మళ్ళీ పొడిచింది. మళ్ళీ! మళ్ళీ! గుళికల పొడితో సహా! బావగారి చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. "తిందిరోయ్!" అని ఆయన పెట్టిన కేక నా టపాకాయలన్నిటికంటే పెద్దది. బుజ్జమ్మ పైకెగిరి గూట్లో దూరింది, బుగ్గారావు బెదిరి పంజరం కప్పుకి కరుచుకున్నాడు, అంతకంటే విచిత్రం, చెరువు మీద నీటికాకులన్నీ ఒక్కసారే లేచిపోయాయి. "చూశావా బావా, ఇన్నాళ్ళూ టపాకాయలు దండగ" అన్నాను. "బావగారూ అని పిలవరా గాడిదా" అని నెత్తిన ఒక్కటిచ్చారు గానీ, నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే టీచరుగారు చెప్పాపెట్టకుండా ఆటోలో గట్టు మీదికి దిగింది. తెల్లచీర, చేతిలో బైబిలు, ముఖంలో ఆ సగం తెగిపోయిన తిట్టు. నన్ను చూడనైనా చూడకుండా పంజరం దగ్గరికెళ్ళి గూట్లోకి తొంగిచూసింది. చింతపిక్కంత గుడ్డు. ఆ పొద్దున్నే పెట్టింది. తెల్లగా, నున్నగా, గట్టిగా. పక్కనే బుజ్జమ్మ గుళికల ముద్ద పొడుచుకుంటూ, ఇంత రాద్ధాంతం ఎందుకర్రా అన్నట్టు చూస్తోంది. ఆ అమ్మాయి నావైపు తిరిగి, "అయితే, నోరున్నదేదైనా ఒకటేనాండీ?" అంది.

"కాదండి" అన్నాను.

"తెలిసిందిగా. చాలు" అని, ఉంగరం వేలికి సరిగ్గా ఉందో లేదో చూసుకుని నవ్వింది. మా పెళ్ళి నిజంగా జరిగింది ఆ క్షణాన, చర్చిలో జరిగింది దాని రిహార్సల్ అని నేనంటే మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

గుళికల ముద్ద నోట్లోంచి నోట్లోకి అందుకుని పెరిగిన పిల్లలు, రెక్కలొచ్చాక గుళికలే మేతనుకుని వాటంతటవే తిన్నాయి. బుజ్జమ్మ అలవాటు పడింది. బుగ్గారావు మాత్రం బతికినన్నాళ్ళూ ముద్దలోంచి కొర్రగింజలు ఏరుకుని, మిగతాది కాలితో చిమ్మేసేవాడు. పెద్దమనిషి, అలవాటు పోదు కదా అని మేమూ వదిలేశాం.

మొన్న నాకు సుగరొచ్చిందన్నారు. అన్నం తగ్గించి కొర్రలు తినాలంట! అవేనండి, ఆ కొర్రలే. చస్తే తినను, పిట్టలు కూడా మానేసిన తిండి అని భీష్మించుకు కూర్చున్నాను. మా టీచరుగారు అన్నంలో రోజూ ఓ పిడికెడు కలుపుతోంది, రోజుకో చిటికెడు పెంచుతోంది. మార్చాలిగానీ మాడ్చకూడదు కదా. నేను అన్నం మెతుకులు ఏరుకుని తిని, కొర్రల్ని కంచం అంచుకి నెడుతూ తలెత్తితే, ఆవిడ తలుపు సందులోంచి, ఊపిరి బిగబట్టి, చూస్తూ ఉంటుంది.

"తిన్నాడా?" అని లోపల్నుంచి, నన్ను చూడ్డానికొచ్చిన మా బావగారి గొంతు.

ఏం చేస్తాను? మూతి తుడుచుకుని, 'పీప్' అన్నాను.