చేతులు వాలిపోయిన ఊరు

అది 1949. పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది నిండలేదు. మాది మిర్యాలగూడ. సూర్యాపేట దవాఖానలో నర్సుగా చేరి కొద్దికాలమే అయింది. బెజవాడ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఒకరు అప్పట్లో మా ఆడవార్డు చూసేవారు.

ఆ ఎండాకాలంలో కోదాడ దిక్కు ఒక ఊరి నుంచి యల్లయ్య అనే రైతు తన భార్య లచ్చమ్మను బండిలో తీసుకొచ్చాడు. ఆరుగురు పిల్లల తల్లి. చేతులు ముందుకు చాపమంటే చాపింది కానీ, మణికట్టు దగ్గర నుంచి రెండూ కిందికి వేలాడాయి. పైకెత్తమంటే, అవి ఎవరి చేతులో అన్నట్టు వాటి వంక చూసింది. దీన్ని రిస్ట్ డ్రాప్ అంటారు. మణికట్టును పైకి లేపే నరం చచ్చుబడిపోవడం. దెబ్బ తగిలి ఒక చేతికి రావడం చూశాను. రెండింటికీ కలిపి రావడం అదే మొదలు.

యల్లయ్య ఒక సంగతి చెప్పాడు. కిందటేడు వాళ్ల ఊళ్లో సోమక్క అనే ఆమె కాన్పు కాక చనిపోయింది. చివరి ఘడియల్లో, చెయ్యి పట్టుకోమని చుట్టూ ఉన్న ఆడవాళ్లను బతిమాలిందట. భయపడి ఎవరూ పట్టుకోలేదట. ఇప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్ల చేతులే ఒక్కొక్కరివిగా పడిపోతున్నాయి.

“సోమక్క గుంజుతున్నదమ్మా. మా ఇంటామెతోని నలుగురైన్రు,” అన్నాడు.

డాక్టరమ్మ లచ్చమ్మ పెదవి పైకెత్తి నన్ను చూడమన్నారు. చిగుళ్ల అంచున సన్నటి నీలిగీత. ఒంట్లో సీసం చేరితే పడే గీత అది. లెడ్ పాయిజనింగ్ అంటాం. రంగులు వేసేవాళ్లకు వస్తుంది, అచ్చాఫీసు పనివాళ్లకు వస్తుంది. నాట్లు వేసుకునే ఆడమనిషికి సీసం ఎక్కడిది? ఏం తిన్నావని ఎంత అడిగినా లచ్చమ్మ నోరు విప్పలేదు. ఆమెను వార్డులో ఉంచి, మర్నాడు మేమిద్దరం ఆ ఊరికి వెళ్లాం.

మిట్టమధ్యాహ్నం. ప్రతి గుమ్మానికీ వేపమండలు. బావి దగ్గర ఒక్క మనిషి లేదు. ఒక ఇంటి అరుగు మీద ఒకామె కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్లో పడి ఉన్నాయి. ఐదారేళ్ల కూతురు జొన్నగట్క ముద్దలు చేసి తల్లి నోట్లో పెడుతోంది. నేను తల్లి చిగుళ్లు చూస్తుండగా ఆమె కుడిచెయ్యి ఒక్కసారి అదిరింది.

“అగో, వచ్చింది,” అంది మెల్లగా, నా భుజం మీదుగా చూస్తూ.

నేను వెనక్కి తిరగలేదు. పట్టపగలే అయినా తిరగబుద్ధి కాలేదు.

ఊళ్లో చేతులు పడిపోయిన మిగతా ముగ్గురి చిగుళ్లకూ అదే గీత ఉంది. ముగ్గురూ వేరే ఏమీ తినలేదనే చెప్పారు. దవాఖానకు తిరిగొచ్చి, తల్లికి ముద్దలు పెడుతున్న ఆ పిల్ల సంగతి లచ్చమ్మకు చెప్పాను. అప్పుడు మొగుణ్ణి బయటికి పంపమంది.

“సోమక్క సచ్చుడు సూసినంక మాకు భయం పట్టుకున్నది నర్సమ్మా. ఇంకో కాన్పయితే మేం గూడ గట్లనే పోతమనుకున్నం. మంత్రసాని ఎర్రగోలీలిచ్చింది. ముట్టయిన దినాలల్ల మింగితే కడుపుసంచి కాలి మూసుకుంటదన్నది. మా ఇంటాయనకు ఎరుక కానియ్యకుండ్రి.”

ఆంజనేయస్వామికి పూసే సింధూరాన్ని బెల్లంలో కలిపి చేసిన గోలీలవి. సింధూరంలో ఉండేది సీసమే.

డాక్టరమ్మ మంచం అంచున కూర్చున్నారు. “సంచి కాలదమ్మా, మూసుకోదు. ఆ విషం నీకెక్కుతుంది, నీ నుంచి పిండానికి ఎక్కుతుంది. పిండం పోతే మందు పనిచేసిందనుకుంటారు. నీ చేతులు పట్టి లాగింది కూడా ఆ విషమే.”

లచ్చమ్మ అంతా విన్నది. “మరి మీరేమిస్తరు?” అంది.

ఆ రోజుల్లో మా దవాఖానలో కడుపు రాకుండా ఇవ్వడానికి ఏమీ ఉండేది కాదు. నీ భర్తతో నేను మాట్లాడతానన్నారు డాక్టరమ్మ. లచ్చమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

మంత్రసానిని పిలిపించి చెప్పాం. ఆ నలుగురిలో ఒకతె ఆమె సొంత కూతురే. మిగిలిన గోలీలన్నీ ఆమే గుంట తీసి పాతిపెట్టింది. మగవాళ్లకు మాత్రం, సింధూరం ఎట్లాగో ఒంట్లోకి పోయిందని చెప్పి ఊరుకున్నాం. నెలల తరబడి మెల్లమెల్లగా ముగ్గురి చేతులు లేచాయి. మంత్రసాని కూతురి ఎడమచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు.

మరుసటి ఏడు లచ్చమ్మ దవాఖానకు తనే నడిచి వచ్చింది.

“చేతులొచ్చినయ్ నర్సమ్మా,” అంది. రెండు చేతులూ పైకెత్తి చూపించి, “కడుపు గూడ వచ్చింది,” అంది. ముఖంలో నవ్వు లేదు.

కాన్పు మా దగ్గరే అయింది. తల్లీ బిడ్డా బతికారు. ఆమె నొప్పులు పడిన రెండు రోజులూ నేను ఎంత నిద్రపోయానో నాకే తెలుసు.

తరవాత ఎన్నో ఏళ్లు ఆ పనిలోనే ఉన్నాను. కడుపు రాకుండా ఆడవాళ్లు ఏమేం మింగుతారో, ఏ తాయెత్తులు కట్టుకుంటారో విన్నాను. ఒక్కసారీ నవ్వలేదు. అది తప్పని చెప్పే ముందు, నీకు దేనికి భయమని అడగడం లచ్చమ్మ వల్ల నేర్చుకున్నాను. ఆ మాట అడగ్గానే చాలామంది జవాబు చెప్పే ముందు, బయట మొగుడు వింటున్నాడేమోనని ఒకసారి గుమ్మం వైపు చూసేవారు.