దూలం అవతలి కొస

చోడవరంలో మాది పెంకుటిల్లు. మా మావగారు పోయాక బావగారూ మా ఆయనా దాన్ని చెరిసగం పంచుకున్నారు. మధ్యలో గోడ లేచింది. పంపకాల రోజు మాటా మాటా పెరిగి, నాకూ మా తోటికోడలికీ మాటల్లేకుండా పోయాయి. నాకు కోపం వస్తే ఒక పట్టాన పోదు.

కిందటి ఎండాకాలం మా అమ్మాయి పదో తరగతిలోకి వచ్చింది. మాకున్నది ఒక్క గది. టీవీ, వంట, చుట్టాలు అన్నీ అందులోనే. అటక మీది పాత సామాను తీసేసి, అక్కడ అమ్మాయికి టేబులు వేయించాలని నా పట్టుదల. తీరా చూస్తే అటక మీద ఛాతీ ఎత్తున ఒక దూలం అడ్డంగా ఉంది. అది మధ్యగోడ పైనుంచి బావగారి వాటాలోకి వెళ్లిపోతుంది.

విశాఖలో ఉద్యోగం చేసే మా ఆయన ఆదివారం వచ్చి, దూలాన్ని తట్టి చూసి, రంపం పక్కన పెట్టేశారు.

"అటేపు ఇది ఏటి మోస్తందో సూసొస్తాను. కోసేసేక సూసి లాభం నేదు."

"మన అటక మీద కర్ర కొయ్యడానికి ఆళ్ళ పర్మిషన్ కావాలేటి? ఆ గుమ్మం తొక్కితే మరి నాతో మాటాడకండి."

ఆయన మళ్లీ రంపం అందుకున్నారు. దూలం సగం తెగేసరికి రంపం బిగుసుకుపోయింది. దాన్ని ఊపి లాగుతుంటే దూలం ఫెళ్లుమంది. గోడ అవతల పెంకులు జలజలా రాలాయి.

"మనవేపు కాదులెండి," అన్నాను. నా నోట వచ్చిన మొదటి మాట అది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

అంతలో మా తోటికోడలు పరుగెత్తుకొచ్చింది. జుట్టు నిండా పెంకుల దుమ్ము. గోడ లేచాక ఆవిడ మా ఇంట్లో కాలు పెట్టడం అదే మొదలు. "గుంట అటక కింద నిలబడిందేటే! బయటికి తియ్యండి ముందు!" అని అరుస్తూ, నిచ్చెన పట్టుకుని నిలబడ్డ మా అమ్మాయిని రెక్క పుచ్చుకుని వీధిలోకి లాగేసింది.

అన్నదమ్ములిద్దరూ సరుగుడు కర్రలు తెచ్చి దూలానికి ఆసరా పెట్టారు. పట్టుకోవడానికి మనిషి కావాలంటే నేనూ ఆ గుమ్మం తొక్కాను. తలెత్తి చూశాను. వాళ్ల వైపు ఆ దూలం మీద ఒక పొట్టి గుంజ నిలబడి ఉంది. ఇంటి కప్పు బరువంతా దాని మీదే. సరిగ్గా దాని కింద బావగారి మంచం, దుప్పటి నిండా పెంకు ముక్కలు. ఆయన అప్పుడే టీ తాగడానికి లేచారట. నాకు తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకోబోయిన మనిషిని ఆపాను.

కొత్త దూలం వేయించాక, దూలం అడ్డు రాకుండా అటకని కాస్త కిందికి దింపి కట్టిద్దామా అని అమ్మాయిని అడిగాను.

"వద్దమ్మా. పెద్దమ్మోళ్ళ గదిలో సదువుకుంటాను," అంది. తర్వాత నా మొహం చూడకుండా, "ఆ రోజు నువ్వన్న మాట నేను విన్నాను. పెద్దమ్మకి సెప్పలేదులే," అంది.