తప్పకుండా వేస్తారా?

అమెరికా అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే ప్రైమరీ న్యూహాంప్‌షైర్‌లో ఫిబ్రవరిలో. ఇప్పుడింకా నవంబరే. డోరీన్ తిబో మంచుబూట్లు విప్పి పాదాలు హీటరు దగ్గర పెట్టుకుని, ఓటర్లకు ఫోను చేసి సర్వే ప్రశ్నలు చదివి వినిపిస్తోంది. కంప్యూటరు తెర మీద ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాట కలపకూడదు. పదకొండేళ్లుగా కలపలేదు. చాలామంది ఠక్కున ఫోను పెట్టేస్తారు, కొందరు తిట్టి మరీ పెట్టేస్తారు. ఆమె చల్లారిన కాఫీ ఓ గుక్క తాగి తర్వాతి నంబరు నొక్కుతుంది.

ఈసారి ఎత్తింది ఓ ముసలాయన. "ప్రైమరీలో ఓటు తప్పకుండా వేస్తారా, బహుశా వేస్తారా, వెయ్యరా?" అని చదివింది. "తప్పకుండా అని ఎలా చెప్పనమ్మా? డాక్టరు క్రిస్మస్ దాకానే అన్నాడు. బహుశా అని రాసుకో." తప్పకుండా అననివాళ్లను అక్కడితో వదిలెయ్యాలని రూలు. "మీ సమయానికి ధన్యవాదాలు సార్," అంది, అలవాటుగా. "అదేంటి, అయిపోయిందా? నలభై ఏళ్లుగా ప్రతిసారీ నన్నడుగుతున్నారు. ఇంకా ఒక్కడి పేరైనా చదవలేదుగా!" డోరీన్ 'తప్పకుండా' అన్న గడిలో టిక్కు పెట్టింది. "రెండో ప్రశ్న సార్," అంది. ఇంకా ఇరవై ఆరున్నాయి. ఒక్కోటీ నెమ్మదిగా చదివింది.