టికెట్టు తీసుకుని చేసిన పొరపాటు

2011 వానాకాలం చివర్లో నేను జనగామ వైపు ఒక చిన్న స్టేషన్లో స్టేషన్ మాస్టరుని. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. ఒక ఉదయం మహబూబాబాద్ మీదుగా సికింద్రాబాద్ వెళ్ళే రైలు మా ప్లాట్‌ఫారం మీదే ఆగింది. ముందు పట్టాల మధ్య ఊరివాళ్ళు నిరసనగా పొయ్యిలు పెట్టి వంటావార్పూ మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి కంట్రోల్ ఆఫీసు ఆ రైలును అక్కడితో రద్దు చేసింది.

రైలు మధ్యలో రద్దయితే టికెట్టు తీసుకుని పూర్తి ఛార్జీ వాపసివ్వాలి. అది ప్రయాణికుల హక్కు. అడిగితే తప్ప చెప్పని మాస్టర్లున్నారు. నేను మైకులో చెప్పి మరీ పిలిచాను. ఆ విషయంలో నాకు కాస్త గర్వం ఉండేది.

వరుసలో కొత్తగూడ దగ్గరి తండా మనిషి భీమా ఉన్నాడు. ఆ సాయంత్రమే హైదరాబాద్ నుంచి దుబాయికి అతని విమానం. రోడ్లూ బంద్, అందుకోలేడు. వీసా గడువు చూస్తే నాలుగు రోజులే ఉంది. రైలు ఆగిందని రైల్వేవాళ్ళు రాసిస్తే విమానం తారీఖు మారుస్తారని అతన్ని దుబాయి పంపుతున్న ఏజెంటు చెప్పాడట. రైలు నంబరు, ఆగిన సమయం రాసి, ముద్ర వేసి ఇచ్చాను. మేం ధ్రువీకరించేది రైలును, మనుషుల్ని కాదు. అందులో పేరు రాసే ఆనవాయితీ లేదు. టికెట్టు తీసుకుని, ఛార్జీ ఇచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని పంపాను.

గంటలో తిరిగొచ్చాడు. గొంతులో కోపం లేదు.

"సార్, కాయితం ఏజెంటుకు ఫోన్ల చదివి వినిపిచ్చిన. గిండ్ల రైలున్నది గని నువ్వు లేవు అన్నడు. నువ్వు గా రైల్ల ఉన్నట్టు టికెట్ చూపియ్యి అంటున్నడు. అది నీకే ఇస్తి గద."

సిగ్గేసింది. నా మంచితనమే అతని ప్రయాణానికి ఎసరు పెట్టింది. తీసుకున్న టికెట్లన్నీ కట్టగట్టి పై ఆఫీసుకు పంపాలి. ఒక్కటి తగ్గినా ఛార్జిషీటే. కాబట్టి టికెట్టు తిరిగివ్వలేను. రిజిస్టరు తెరిచి, అతని సంతకం పక్కనున్న టికెట్టు నంబరు చూసి, ఫలానా నంబరు టికెట్టుతో భీమా అనే వ్యక్తి ఈ రైల్లో వచ్చాడని, టికెట్టు మాకు అప్పగించాడని కొత్తగా రాశాను. అలాంటి ఉత్తరానికి మా నియమాల పుస్తకంలో నమూనా లేదు. జవాబు చెప్పుకోవాల్సి వస్తే చెప్పుకుందామని కింద నా పేరు, హోదా రాసి సంతకం చేశాను.

పట్టాల మీద వడ్డిస్తున్న ఒక పెద్దావిడ సంగతి తెలుసుకుని భీమాను బంతిలో కూర్చోబెట్టింది. "మా వల్ల ఆగినోడు. మేమే తోలిస్తం" అంది. దారిలో ఎవరూ ఆపకుండా ఉద్యమ జెండా కట్టిన బైకు మీద వాళ్ళే అతన్ని హైదరాబాద్ పంపారు.

మూడో రోజు స్టేషన్‌కు ఫోన్ చేశాడు. "తారీఖు మార్చిన్రు సార్. గిప్పుడే ఎయిర్‌పోర్టు లోపలికి పోతున్న."

నియమం ప్రకారం నేను అతనికి ఇవ్వాల్సిందంతా ఇచ్చాను; ఆ టికెట్టుతో అతనికి ఇంకా పనుందేమో మాత్రం అడగలేదు. రిటైరయ్యేదాకా, టికెట్టు కోసం చెయ్యి చాచే ముందు ఆ మాట అడిగాను.