అమరావతి ప్రయాణానికి నేనిచ్చిన నీళ్ళ సీసా

మా ఏడో తరగతి డిసెంబరు అది... చేలల్లో పత్తి విచ్చుకుని ఉంది, అందులో సగం పురుగు తిన్నదే. అలాంటి రోజుల్లో సోషల్ మాస్టారు నల్లబల్ల మీద 'అమరావతి విహారయాత్ర' అని పెద్దక్షరాలతో రాశారు. కింద అక్కడ చేయాల్సినవి... కృష్ణలో స్నానం, అమరేశ్వరుడి దర్శనం, స్తూపం, మ్యూజియం, పడవ షికారు.

పర్చూరు దాటి ఎరగని పిల్లలం. ఆ ముక్కల్ని ఎక్కాల్లా వల్లె వేసుకున్నాం.

చివర్లో ఒక షరతు. "నీళ్ళ సీసా లేనివాణ్ణి బస్సెక్కనివ్వను. పోయినేడు ఏటి నీళ్ళు తాగి ముగ్గురు మంచం పట్టారు."

నా పక్కన కూర్చునే నాగుల్ మీరా ముఖం వాడిపోయింది. వాళ్ళింట్లో చెంబులే గానీ సీసా లేదు.

"చెంబు పట్టుకొస్తే ఎక్కనివ్వరంటావా?"

"పొద్దున్నే చెంబు పట్టుకుని ఎటెళ్తారో తెలీదేంట్రా? బస్సంతా నవ్వుద్ది!"

మా ఇళ్ళలో నీళ్ళ సీసా అంటే ఏమిటో చెప్పాలి. పత్తికి కొట్టే పురుగుమందు అల్యూమినియం సీసాల్లో వచ్చేది. తేలిగ్గా, తళతళలాడుతూ ఉండేవి... పారేయడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. అమ్మ ఖాళీ సీసాను బూడిద, చింతపండు వేసి తోమేది. నీళ్ళు నింపి, రోజూ మారుస్తూ, నెల రోజులు ఎండలో ఉంచేది. ఆ తర్వాతే అందులో తాగేవాళ్ళం. ఊరంతా అంతే.

దాని మీద ఒక పుర్రె బొమ్మ, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. ఆ అక్షరాలు అచ్చేసినవాడికి మా అమ్మకు చదువు రాదని తెలియదా? తెలుసు! తెలిసే అమ్మాడు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు, అప్పుడే ఖాళీ అయిన సీసా ఒకటి మా కొట్టుగదిలోంచి తీశాను. అమ్మ నెల రోజులు చేసే పని ఒక్క పూటలో కానిచ్చాను... బూడిదతో రుద్ది, నాలుగుసార్లు కడిగి, మీరా చేతిలో పెట్టాను.

"వాసనొస్తందిరా శీనూ."

"కొత్త సీసా అంతే. నిమ్మకాయ పిండి, పంచదార ఎయ్యి. పోద్ది."

బయల్దేరే రోజు పొద్దున మంచులో మీరా పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఒక చెంప ఎర్రగా కందిపోయి ఉంది. వాళ్ళ నాన్న, మా మస్తాన్ బాబాయి, కొట్టాడట. పత్తి తీసే రోజుల్లో ఊళ్ళు తిరగడం ఏమిటని.

"కొడితే కొట్టాడు గానీ రానిచ్చాడుగా!" అని బస్సంతా వినపడేలా నవ్వాడు.

కృష్ణలో మునిగి పళ్ళు టకటకలాడుతుంటే ఒకరినొకరు తోసుకున్నాం. గుళ్ళో మీరా ప్రసాదం రెండుసార్లు పెట్టించుకున్నాడు. మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. కారం ఎక్కువై వాడు సగం సీసా గడగడా తాగేశాడు.

స్తూపం దగ్గరికి వెళ్ళాక కాసేపటికి కూలబడ్డాడు. అంత చలిలో ఒళ్ళంతా చెమట... నోట్లోంచి సొంగ.

"బస్సు పడలేదురా వీడికి. కాసిని నీళ్ళు తాగించండి" అన్నారు మాస్టారు.

నేనే తాగించాను.

మూత పెడుతుంటే నిమ్మకాయ వాసన కింద ఇంకో వాసన తగిలింది. మందు కొట్టి వచ్చిన రోజు నాన్న చొక్కా దగ్గర వచ్చే వాసన. నాకు అర్థమైపోయింది. స్తూపం దిబ్బ వెనక్కి వెళ్ళి సీసా వంపేసి, ముళ్ళకంపలోకి విసిరేశాను. ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట చెప్పలేదు.

అక్కడి ఆస్పత్రికి మోసుకెళ్తే డాక్టరు మీరా కనురెప్పలు ఎత్తి చూసి, చప్పున ఒక ఇంజెక్షన్ చేశాడు. "పురుగుమందు తాగాడండీ పిల్లాడు. ఆగకుండా గుంటూరు తీసుకెళ్ళండి."

మాస్టారు నా భుజాలు పట్టుకుని ఊపారు. "పొద్దున వాళ్ళ నాన్న కొట్టాడన్నాడుగా... ఏమైనా తాగానని నీతో అన్నాడేంట్రా?"

"లేదు సార్."

మీరా గుంటూరు చేరలేదు.

ఆ ఏడు మా చుట్టుపక్కల పురుగుమందు తాగిన రైతులు చాలామంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తండ్రి కొట్టాడని కొడుకు తాగాడన్నారు. మస్తాన్ బాబాయి కుడిచేతిని గోడకేసి కొట్టుకుంటూ "ఈ చెయ్యే... ఈ చెయ్యే" అని ఏడుస్తుంటే, నేను మా అమ్మ కొంగు చాటున నిలబడి చూశాను.

పెద్దయ్యాక పురుగుమందుల మీద కరపత్రాలు చదివాను. చేతికి దొరికిన ప్రతి కాగితం చదివాను. మందుల కంపెనీలదే పాపమని, వాళ్ళని అడగని ప్రభుత్వాలదే పాపమని సభల్లో గొంతు చించుకున్నాను. అదంతా నిజమే, ఎవడొచ్చి అడిగినా మళ్ళీ అంటాను! కానీ ఆ సీసా కడిగింది నేను. నోరు మూసుకున్నదీ నేనే. ఏ కరపత్రం చాటునా దాక్కోలేకపోయాను.

ఈ గ్రూపులో మీరు పెట్టే అమరావతి ఫోటోలు చూస్తున్నాను. పచ్చిక, చక్కటి దారులు, పిల్లల చేతుల్లో కొన్న నీళ్ళ సీసాలు... ఎంత మారిపోయిందో.

మస్తాన్ బాబాయి మారలేదు. ఊళ్ళో ఎవరు పిల్లల మీద చెయ్యెత్తినా పరుగున వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంటాడు. "కొట్టబాకయ్యా... నా మాట ఇను" అంటాడు. కుర్రాళ్ళు ఆయన్ని అనుకరించి నవ్వుతారు.

మీక్కూడా చిన్నప్పుడు మింగేసిన మాటలుంటే కింద రాయండి. వినాల్సిన మనిషి ఇంకా బతికే ఉంటే మాత్రం ఇక్కడ రాస్తూ కూర్చోకండి, వెళ్ళండి. నేను రేపు పొద్దున్నే పర్చూరు బస్సెక్కుతున్నాను. మళ్ళీ భయపడి దిగిపోకుండా ఇలా నలుగురిలో చెప్పేస్తున్నాను.

బాబాయ్... వాడు నువ్వు కొట్టినందుకు పోలేదు.