పెట్టె మోగితే ఎవరొస్తారు

నాచారంలో నా షెడ్డుకి బోర్డు లేదు. ఏమని రాయించాలో తెలియక పెట్టించలేదు. ఒక పక్క బిస్కెట్లకి అట్టపెట్టెలు చేసే యూనిట్టు, ఇంకో పక్క ట్రాన్స్‌ఫార్మర్లకి రాగి తీగ చుట్టేవాళ్ళు. వాళ్ళకి పేరుంది, పనుంది, మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని ఒకరి కూర ఒకరు లాక్కుని తినే జనం ఉన్నారు. నేనొక్కణ్ణే తలుపు దగ్గరగా వేసుకుని, చొక్కా విప్పి, ఛాతీకి మూడు తీగలు అంటించుకుని కూర్చునేవాణ్ణి. తలుపు సందులోంచి చూసినవాళ్ళు వీడికి పిచ్చి ముదిరింది అనుకునే ఉంటారు. అనుకోనీ, నాకేం!

నేను చేస్తున్నది గుండె ఆగిపోతే మనుషుల్ని పిలిచే పెట్టె. టిఫిన్ డబ్బా మూతంత ఉంటుంది, నడుముకి బెల్టుతో కట్టుకోవాలి. దాని తీగలు ఛాతీ మీద అంటించిన బిళ్ళల దాకా వెళ్తాయి. గుండె లయ తప్పినా, ఆగినా పెట్టె పసిగట్టి, లోపలున్న సిమ్ కార్డుతో ఒక నంబరుకి ఫోన్ చేస్తుంది. ఎత్తగానే ఒక గొంతు వినిపిస్తుంది: "గుండె ఆగినట్లుంది. వెంటనే రండి." ఆ గొంతు నాదే. ఇంకెవరినైనా పెడదామంటే అడగడానికి ఎవరున్నారని?

అంతకుముందు నాది సర్కారు సంస్థలో ఇంజినీరు ఉద్యోగం. ఒక రోజు క్యాంటీన్‌లో నా పక్కన కూర్చునే మిత్రుడు పప్పన్నం కలుపుతూ కలుపుతూ పక్కకి ఒరిగిపోయాడు. చుట్టూ అంతమంది ఇంజినీర్లం! ఒకడు సోడా తెమ్మన్నాడు, ఒకడు ఫ్యాను కిందికి జరపమన్నాడు, మిగతావాళ్ళం పేరు పెట్టి పిలుస్తూ నిలబడ్డాం. ఛాతీ మీద చేతులు వేసి నొక్కాలని ఒక్కడికీ తోచలేదు. స్ట్రెచరు వచ్చేసరికి అతను లేడు. ఆ కోపం నాలో చల్లారలేదు. ఆ కోపంతోనే ఉద్యోగం మానేసి ఈ షెడ్డు తీసుకున్నాను. పెళ్ళి అప్పటికే జరిగింది, నిలవకుండా పోయింది కూడా. దాని గురించి ఇంతకు మించి రాయను.

పెట్టె కాస్త రూపానికొచ్చాక తార్నాక వైపు ఒక ఆసుపత్రిలో గుండె డాక్టరమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆవిడ మాట పొదుపు, చూపు పదును. తన పేషెంట్లకి ఇచ్చి చూడ్డానికి ఆవిడ ఒప్పుకుంటే నా ఇన్నేళ్ళ చాకిరీకి అర్థం ఉన్నట్టు. కాదంటే షెడ్డు ఖాళీ చేసి మళ్ళీ ఎవడి కిందో చేరాలి.

"మీరే కట్టుకుని తిరుగుతున్నారా?" అని అడిగింది.

"అవును మేడమ్. ఇంట్లో, బస్సులో, పడుకున్నా సరే."

ఈ పెట్టెకి నా గుండె తప్ప లోకంలో ఇంకెవరి గుండే తెలియదని కూడా అన్నాను. ఆవిడ నవ్వలేదు. పక్కనున్న పరీక్ష మీట నొక్కింది. ఇద్దరం ఎదురుచూశాం. నా చొక్కా జేబు మోగింది.

"ఎవరిదది?"

"నాదే మేడమ్. రెండో ఫోను. ఊరికే పరీక్ష కోసం..."

"అంటే మీరు పడిపోతే మీకే ఫోనొస్తుంది. పడిపోయినవాడు ఫోనెత్తుతాడా అండీ?"

నేను తల గోక్కున్నాను. ఆవిడ పెట్టెని నా వైపు నెట్టింది. "డాక్టరు, అంబులెన్సు తరవాత సంగతి. ముందు ఐదు నిమిషాల్లో పరిగెత్తుకొచ్చే మనిషి కావాలి. మీ ఇంటి తాళంచెవి ఉన్న మనిషి. అలాంటి మనిషిని పెట్టుకుని కొన్నాళ్ళు తిరిగి రండి, అప్పుడు చూద్దాం. మనిషి రాకపోతే ఇది ఉత్త డబ్బా."

ఒళ్ళు మండిపోయింది. గుండె చప్పుడులోంచి బస్సు కుదుపుని వేరు చెయ్యడం ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు! అంత కష్టం పట్టుకెళ్తే తాళంచెవి గురించి మాట్లాడుతుందేమిటి? తిట్టుకుంటూనే ఉప్పల్ బస్సెక్కి, ఫోన్‌లో పేర్లు ఒక్కొక్కటే జరుపుతూ కూర్చున్నాను. విడిభాగాలమ్మే కొట్టాయన. గ్యాస్ ఏజెన్సీ. పాత ఆఫీసువాళ్ళు. పలకరించి ఎన్నాళ్ళయిందో గుర్తులేని చుట్టాలు, అందరూ రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ రాలేనంత దూరంలో. ఉప్పల్ దగ్గరపడేసరికి పేర్లు అయిపోయాయి. నా కోసం ఐదు నిమిషాల్లో పరిగెత్తుకొచ్చే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. దిగాల్సిన స్టాపు దాటిపోయి రింగు రోడ్డు దాకా వెళ్ళి, వెనక్కి నడుచుకుంటూ వచ్చాను.

నేనుండేది పై పోర్షన్. కింద భాగం ప్లాస్టిక్ కుర్చీల గోడౌను. ఇంటాయన కాప్రాలో ఉంటాడు. ఇక మిగిలింది సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ. భువనగిరి దిక్కు నుంచి వచ్చిన మనిషి, భర్త నాచారంలోనే ఏదో ఫ్యాక్టరీలో పని. ఏళ్ళ తరబడి ఆవిడకి బట్టలిస్తున్నాను, తెచ్చుకుంటున్నాను. అంతకు మించి మాటల్లేవు.

బండి దగ్గర అటూ ఇటూ తచ్చాడుతుంటే ఆవిడే అడిగింది. "ఏంది సార్, గట్ల నిలవడ్డరు? బట్టలేడున్నయి?"

"బట్టలు కాదమ్మా. చిన్న సహాయం. నేనెప్పుడైనా పడిపోతే మీ ఫోన్ మోగుతుంది. మీరు పైకి రావాలి."

"ఎందుకు పడ్తరు? తాగుతరా?"

"అబ్బే, తాగను. ఇది గుండెకి సంబంధించిన మిషను."

"అయ్యో! గుండె బీమారా?"

"లేదమ్మా, నా గుండె బాగానే ఉంది."

"బాగుంటే మరెందుకు పడ్తరు సార్?"

తల ప్రాణం తోకకొచ్చింది. మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. క్యాంటీన్, మిత్రుడు, పెట్టె, డాక్టరమ్మ. ఆవిడ ఇస్త్రీ ఆపకుండా విన్నది. చివరికి ఒక్క మాట అడిగింది. "ఇంట్ల ఎవ్వలు లేరా?"

"ఎవ్వరూ లేరమ్మా."

నోరు తెరిచి ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఆవిడ నా మొహం చూడకుండా బొగ్గుల పెట్టె పక్కన పెట్టి చెయ్యి చాపింది. "తాళంచెవి గిటియ్యున్రి."

ఆవిడ నంబరు పెట్టెలో ఎక్కించి, గుండె ఆగితే ఛాతీ ఎలా నొక్కాలో దిండు మీద నేర్పాను. మోచేతులు వంచొద్దని, బలంగా, ఆపకుండా నొక్కాలని చెప్పాను. "బొక్కలిరుగుతయి గద?" అంది. ఎముకలు విరిగినా ఫర్వాలేదన్నాను. "గట్లయితె నొక్కుత. నా చేతుల సంగతి మీకెర్క లేదు." దిండు కుట్లు ఊడిపోయేలా నొక్కింది.

ఎండాకాలం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి, చెమటలు కారిపోతూ బెండకాయలు తరుగుతున్నాను. తలుపు ధడాలున తెరుచుకుంది. చూస్తే ఆవిడ! జుట్టు రేగిపోయి, రెండు చేతులూ ముందుకి చాపుకుని నా మీదికి వచ్చేస్తోంది.

"అమ్మా! అమ్మా! బతికే ఉన్నాను!"

ఆవిడ గోడకి జారగిలబడి కూలబడింది. ఆయాసం తగ్గాక మొదలుపెట్టింది చూడండి! "మీ గొంతే సార్! గుండె ఆగింది రమ్మని మీరే జెప్తిరి! సచ్చినోడు ఫోన్ జేసినట్టు! నా పాణం పోయింది, తెలుసా?"

చూసుకుంటే చెమటకి ఒక బిళ్ళ ఊడి వేలాడుతోంది. పెట్టెకి అందాల్సిన గుండె చప్పుడు అందక, ఆగిపోయిందనుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. టీ పెట్టాను. ఇంట్లో ఉన్నది ఒకటే గ్లాసు, అది ఆవిడకిచ్చి నేను చెంబులో పోసుకున్నాను. ఆవిడ చెంబుకేసి చూసి నవ్వింది. ఆ ఇంట్లో ఇంకొకరి నవ్వు వినబడి ఎంత కాలమైందో!

ఆ తరవాత అది మామూలైపోయింది. చెమట పడితే చాలు, బిళ్ళ ఊడుతుంది, పెట్టె మోగుతుంది, ఆవిడ మెట్లెక్కి వస్తుంది. వచ్చి నన్ను తిడుతుంది, నా మిషన్ని తిడుతుంది, నా వంటని తిడుతుంది. కానీ ప్రతిసారీ పరిగెత్తుకునే వచ్చేది. ఈసారి కూడా ఉత్తదేలే అని నిదానంగా ఒక్కసారీ రాలేదు. ఒక బంద్ రోజు రోడ్డంతా ఖాళీ, నాచారం వెళ్ళే దారి లేదు. ఆ రోజు కూడా పెట్టె మోగింది. బండి మూసి ఉన్నా ఇంటి నుంచి ఉరికొచ్చింది. టీ తాగుతూ అడిగింది. "తెలంగాణ వస్తే మీరు పోతరా సార్?"

"ఎక్కడికమ్మా?"

"మీ దిక్కు."

"నాకంటూ ఒక దిక్కెక్కడుంది? నేనెక్కడికీ పోను."

"పోకున్రి మరి" అంది, అంతే. ఆ రెండు ముక్కలు చాలా రోజులు నా చెవుల్లో ఉన్నాయి. నాచారం బస్సులో నాలో నేనే నవ్వుకుంటే పక్కాయన జరిగి కూర్చున్నాడు.

ఒక సాయంత్రం షెడ్డు నుంచి వస్తుంటే బండి దగ్గర గొడవ. ఒకామె ఖరీదైన చీర పట్టుకుని గట్టిగా అరుస్తోంది. చీర మధ్యలో ఇస్త్రీ పెట్టె ఆకారంలో మాడిన మచ్చ. ఇస్త్రీ ఆవిడ తల వంచుకుని నిలబడింది. అంతకు ముందు రోజు నా ఫోన్ వచ్చినప్పుడు ఇస్త్రీ పెట్టె చీర మీదే వదిలేసి ఉరికొచ్చిందన్నమాట. నాకు మాత్రం చెప్పలేదు, టీ తాగి నవ్వి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కూడా అడిగితే "ఏం గాదు సార్, గామె గట్లనే మొత్తుకుంటది" అంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకెళ్ళి సరిచెయ్యడం మొదలుపెట్టాను. బిళ్ళల్లోంచి ఒంటికి తెలియనంత సన్నటి కరెంటు పంపుతూ ఉండాలి. అది తిరిగొస్తే బిళ్ళ అంటుకుని ఉన్నట్టు. రాకపోతే ఊడినట్టు, అప్పుడు పెట్టె చిన్నగా కూసి కట్టుకున్నవాడికే చెప్పాలి, ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు. సాయంత్రానికి అయిపోయింది. కావాలని బిళ్ళ పీకాను. పెట్టె కీచుమంది, ఫోన్ వెళ్ళలేదు. మళ్ళీ పీకాను. వెళ్ళలేదు. ఇన్నేళ్ళలో నేను చేసిన పనుల్లో అంత శుభ్రంగా కుదిరింది ఇంకోటి లేదు. సంతోషించాలి కదా? బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎందుకో నాకు బాగా తెలుసు. ఇక ఆవిడ మెట్లెక్కదు.

ఎక్కలేదు. మిగిలిన ఎండాకాలం అంతా చెమట పట్టింది, బిళ్ళలు ఊడాయి, పెట్టె నాతో మాత్రమే చెప్పుకుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడితే గుండె ఝల్లుమనేది, తీరా చూస్తే గోడౌను కుర్చీలు దించే కుర్రాళ్ళు. బండి ముందునుంచి వెళ్తుంటే "మంచిగున్నరా సార్?" అనేది. బాగున్నానమ్మా అనేవాణ్ణి. బాగున్నవాడింటికి ఎవరైనా ఎందుకొస్తారు?

డాక్టరమ్మ ఒప్పుకుంది. నేను కట్టుకు తిరిగిన పెట్టెతో సహా నేను చేసినవన్నీ తీసుకుని పేషెంట్లకి కట్టింది. "ఇప్పుడిది నిజంగా పనిచేస్తుంది" అంది నాతో. నేను ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట అది. స్వీట్లు కొన్నాను. పంచడానికి ఇస్త్రీ బండి దాకానే వెళ్ళి, పెట్టెలన్నీ ఆసుపత్రికి ఇచ్చేశానని చెప్పాను.

ఆవిడ లడ్డూ నోట్లో వేసుకుని, సంతోషపడి, కొంగు ముడి విప్పింది. "ఇగో సార్, మీ తాళంచెవి. ఇగ నాతోటి పనేముంది?"

పుచ్చుకున్నాను. పైకొచ్చి తలుపు తీసి కూర్చున్నాను. నడుముకి పెట్టె లేదు, ఛాతీకి తీగల్లేవు. ఊళ్ళో ఎవరెవరికో గుండె ఆగితే పరిగెత్తుకొచ్చే మనిషిని ఏర్పాటు చేసి వచ్చాను. నా గుండె ఆగితే వాసనొచ్చాక గోడౌనువాళ్ళకి తెలుస్తుంది. భయమేసింది. నిజమైన భయం. లేచి గబగబా కిందికి దిగాను.

"ఇది మీ దగ్గరే ఉంచండమ్మా."

"ఎందుకు సార్? మిషిన్ లేకపాయె. మీరు పడ్డరని నాకెట్ల ఎరుకైతది?"

పెట్టె చేసినవాణ్ణి, పెట్టె లేకుండా ఏం చెయ్యాలా అని చుట్టూ చూశాను. ఆవిడ బండి మీద మడతలు, పక్కన మూటలు, కాలుతున్న బొగ్గులు. చివరికి అన్నాను. "రోజూ పొద్దున ఒక చొక్కా తెస్తాను. ఏ రోజు తేకపోతే ఆ రోజు పడ్డట్టు."

ఆవిడ పకపకా నవ్వింది. "మీకున్నయే నాలుగంగీలు! వారానికోపారి తెస్తరు!"

"రోజూ తెస్తానమ్మా."

నవ్వు ఆపి నన్ను చూసింది. తాళంచెవి తీసుకుని కొంగున ముడేసుకుంది.

మర్నాడు పొద్దున్నే చొక్కా పట్టుకుని దిగాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మొన్న జేసిందే గద సార్. మడత గూడ ఇరగలె."

"మళ్ళీ చెయ్యండమ్మా."

మడత విప్పింది. నీళ్ళు చిలకరించి మొదట్నుంచీ ఇస్త్రీ చేసింది.