బావగారి సమ్మతి పత్రం

నేను తిరువూరులో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మూత్రపిండాల పాఠం ఏటా చెప్పేదే. కానీ మా బావగారికి, అంటే మా ఆయన అన్నయ్యకి, కిడ్నీలు దెబ్బతిన్నాయని తెలిసిన రోజున ఆ పాఠంలో ఒక్క ముక్క కూడా నాకు అక్కరకు రాలేదు. ఆయన గంపలగూడెంలో ఉంటారు. వరి, పత్తి వేస్తారు. మామగారు త్వరగా పోతే మా ఆయన్ని చదివించి ఉద్యోగంలో కుదిరేదాకా వెన్నంటి ఉన్నది ఆయనే. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురుండదు. డయాలసిస్ దాకా ఇంకా రాలేదు గానీ, రక్తపరీక్ష చేయించిన ప్రతిసారీ క్రియాటినిన్ అంకె కొంచెం పైకి జరుగుతూనే ఉండేది.

అప్పుడే ఒక యూనివర్సిటీ మెడికల్ కాలేజీ వాళ్ళు మా వైపు కిడ్నీ జబ్బుకు కొత్త మందు ఒకదాన్ని మనుషులకిచ్చి పరీక్షించే ట్రయల్ పెట్టబోతున్నారని తెలిసింది. దాన్ని నడిపే డాక్టరమ్మ మా ప్రిన్సిపాల్‌కి తెలిసినావిడ. ఆయన ద్వారా నన్ను పిలిపించి, పేషెంట్లు సంతకం పెట్టాల్సిన సమ్మతి పత్రం చేతిలో పెట్టి, అందరికీ అర్థమయ్యే మాటల్లోకి మార్చమన్నారు. అది తెలుగులోనే ఉంది. కానీ రెండుసార్లు చదివినా నాకే అర్థం కాలేదు. "యాదృచ్ఛిక కేటాయింపు" అని ఉన్నచోట, "మీకు ఏ మాత్ర ఇవ్వాలో లాటరీ తీసినట్టు కంప్యూటర్ తీస్తుంది" అని రాశాను. "నిష్క్రియ గుళిక" కొట్టేసి, "చూడటానికి అసలు మాత్రలాగే ఉంటుంది, అందులో మందు ఉండదు" అన్నాను. వేరే మందుల గురించి అడిగే ప్రశ్న దగ్గర పసర్లు, పొడులు కూడా చేర్చి, కింద నా మాటగా ఇంకో వాక్యం పెట్టాను: "దాచకుండా చెప్పండి, ఇది మీ ప్రాణానికి సంబంధించిన విషయం." యూనివర్సిటీ కమిటీ దాన్ని అలాగే ఉంచింది.

ట్రయల్ మొదలుకాకముందు జనానికి వివరంగా చెప్పడానికి ఒక ఆదివారం మా కాలేజీ హాల్లో మీటింగ్ పెట్టారు. పెనుగొలను, నెమలి లాంటి ఊళ్ళ నుంచి కూడా షేర్ ఆటోల్లో వచ్చారు. రెండో వరసలో బావగారు, అక్కయ్య కూర్చున్నారు. అక్కయ్యంటే ఆయన భార్య, నా తోటికోడలు. వెనక నుంచి ఒక పెద్దావిడ లేచి, మా మీద ప్రయోగాలు చేస్తారా అని అడిగింది. డాక్టరమ్మ నావైపు చూశారు. నేను బోర్డు మీద రెండు గుంపులు గీసి చెప్పడం మొదలుపెట్టాను. బీపీకీ, షుగరుకీ ఇప్పుడు వాడుతున్న మందులు అందరికీ మామూలుగానే ఇస్తారనీ, వాటికి తోడు సగం మందికి కొత్త మాత్ర, సగం మందికి మందులేని మాత్ర ఇస్తారనీ చెప్పాను. ఎవరిది ఏదో ట్రయల్ అయ్యేదాకా పేషెంటుకీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ సంగతి రాసి దాచిన చీటీ విప్పరు. మందు మింగామన్న ధైర్యంతోనే కొందరికి నెమ్మదించినట్టు అనిపిస్తుంది కాబట్టి, గుణం మందుదా ధైర్యానిదా అని తేల్చాలంటే ఇదొక్కటే దారి అన్నాను.

"అయితే ఈ మందు పనిచేస్తుందా?" బావగారు కూర్చున్నచోటి నుంచే అడిగారు.

దానికి డాక్టరమ్మే జవాబు చెప్పారు. "పనిచేస్తుందని తెలిస్తే ట్రయల్ అక్కర్లేదండి. తెలియదు కాబట్టే పెడుతున్నాం. చెడు చేసే అవకాశం కూడా ఉంది. అది కూడా కాగితంలో రాశాం."

కొందరు లేచి వెళ్ళిపోయారు. బావగారు వెళ్ళలేదు.

ఆ రోజు భోజనం మా ఇంట్లోనే. చేయి కడుక్కుంటూ ఆయన నన్ను పిలిచారు. "అమ్మాయ్, ఆ డాక్టరమ్మ నీ మాట వింటుంది. నాకు అసలు మాత్రే వచ్చేట్టు చూడు."

అది ఆవిడ చేతిలో కూడా ఉండదని మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఆయన విన్నారు. విని, ఎవరో ఒకరి చేతిలో లేకుండా ఏ పనీ జరగదని కొట్టిపారేశారు. పొద్దున బోర్డు ముందు అంత నమ్మకంగా మాట్లాడిన నేను, మా ఇంట్లో ఒక్క మనిషికి ఆ మాట ఎక్కించలేకపోయాను.

వంటింట్లో అక్కయ్య నా పక్కకు వచ్చి నిలబడింది. పక్క జిల్లాలో ఎవరో ఇచ్చే పొడిని ఆయన ఎనిమిది నెలలుగా రోజూ పొద్దున్నే మజ్జిగలో కలుపుకుని తాగుతున్నారని చెప్పింది. ఏ ఆకుతో చేస్తారో, ఏం కలుపుతారో ఆ ఇచ్చేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ట్రయల్‌లో చేర్చుకోరని, వాళ్ళు అడిగితే చెప్పొద్దని ఆమెతో ఒట్టు వేయించుకున్నారట. "నేను చెప్పానని మాత్రం ఆయనకి తెలియనివ్వకు," అంది. నేను తలూపాను.

ఆ తర్వాతి వారం తిరువూరు ఆస్పత్రిలో ట్రయల్‌కి పనికొచ్చేవాళ్ళను ఎంపిక చేసే రోజు. చదువురాని వాళ్ళకు పత్రం చదివి వినిపించే పని నాది. బావగారికి చదవడం వచ్చు. అయినా వచ్చి నా బల్ల ముందే కూర్చున్నారు. పక్కన ఒక జూనియర్ డాక్టరు జవాబులు రాసుకుంటున్నాడు. ఒక్కొక్క ప్రశ్నే చదువుతూ పసర్లు, పొడుల ప్రశ్న దగ్గరికి వచ్చాను. నేనే రాసిన వాక్యాన్ని నా నోటితోనే ఆయనకు చదివి వినిపించాను.

"లేదండి," అన్నారు, డాక్టరు వైపు తిరిగి. తర్వాత నన్ను చూశారు. ఆ చూపులో బెదిరింపు లేదు. అడుక్కుంటున్నట్టు ఉంది. ఆయన కళ్ళలో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. తర్వాతి ప్రశ్న చదివాను. ఆయన సంతకం పెట్టారు. సాక్షి అని ఉన్నచోట నేను పెట్టాను.

రక్తపరీక్షల రిపోర్టులు వచ్చి లాటరీ తీయడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. పొడికీ మాత్రకీ పడకపోతే ఒంట్లో ఏం జరుగుతుందో నేను చదివిన చదువుకు తెలియదు. ఏదైనా జరిగితే డాక్టరమ్మ మాత్రను అనుమానిస్తారు, పొడి ఊసే ఆవిడకు తెలియదు. మా ఆయనకు చెప్పాను. "అన్నయ్యకి ఉన్న ఆశ అదొక్కటే. నీ చేతులతో తీసేస్తావా?" అన్నాడు. తీసెయ్యకపోతే ఏమవుతుందో నువ్వు పూచీ పడతావా అన్నాను. ఇద్దరం పడలేం. అది ఇద్దరికీ తెలుసు.

మూడో రోజు కాలేజీకి సెలవు పెట్టి ఆటో ఎక్కి గంపలగూడెం వెళ్ళాను. వరండాలో పత్తి పోసి ఉంది. బావగారు కుర్చీలో కూర్చుని గింజకు పురుగు పట్టిందేమో చూస్తున్నారు. నేను కూర్చోలేదు. పొడి సంగతి నాకు తెలుసని, రేపటిలోగా ఆయనే డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పాలని అన్నాను.

ఆయన చేతిలో పత్తి అలాగే ఉంది. "మీ అక్క చెప్పిందా?"

అబద్ధం ఆడొచ్చు. ఏదీ నోటికి రాలేదు. నేను మాట్లాడకపోవడమే ఆయనకు జవాబైంది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"చెబితే నన్ను తీసేస్తారు కదా?"

"తీసేస్తారు బావగారూ. చెప్పకపోతే మీకేమవుతుందో ఎవరికీ తెలియదు. మీరు చేస్తారా, నన్ను చేయమంటారా?"

ఆయన లేచి గోడవైపు తిరిగి నిలబడ్డారు. చేయమనలేదు, వద్దనీ అనలేదు. నేను ఫోన్ తీసి, ఆయనకు వినపడేలా ఆయన ఎదుటే డాక్టరమ్మకు చెప్పాను. సాక్షి సంతకం పెట్టినప్పుడే నాకు ఈ సంగతి తెలుసని కూడా చెప్పాను. ఆవిడ గొంతు మారిపోయింది. పొడి ఈ క్షణం నుంచే ఆపమన్నారు, పొడి సీసాతో సహా ఆయన్ని మర్నాడు తీసుకురమ్మన్నారు. తర్వాత నన్ను మందలించారు. సొంత మనిషికి పత్రం చదివి నేనే సాక్షిగా ఉండటం తప్పనీ, ఇక ఆ బల్ల దగ్గర నేను కూర్చోకూడదనీ, ఈ సంగతి కమిటీకి రాయక తప్పదనీ అన్నారు. ఆవిడ అన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు.

మర్నాడు మా ఆయనే బావగారిని తీసుకెళ్ళాడు. ట్రయల్ నుంచి తీసేశారు. కానీ మామూలు పేషెంటుగా నెలనెలా చూస్తామన్నారు, చూస్తున్నారు. పొడిని పరీక్షకు పంపితే అందులో నొప్పి మాత్రల మందు కలిసి ఉందని తేలింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ముట్టుకోకూడనిది అదే. దానివల్లే జబ్బు ముదిరిందా అని మా ఆయన అడిగితే, కొంత అయి ఉండొచ్చు, ఎంతో చెప్పలేను అన్నారట డాక్టరమ్మ. పొడి మానేశాక అంకె తగ్గలేదు. పెరగడం మాత్రం నెమ్మదించింది.

బావగారు నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు తిరువూరు ఆస్పత్రిలో చూపించుకుని తిన్నగా మా ఇంటికి వచ్చారు. ట్రయల్‌కి ఇంకా మనుషులు కావాలట. పొడి మానేసి చాలా రోజులైంది కాబట్టి, పరీక్షలన్నీ సరిగ్గా ఉంటే చేరొచ్చన్నారట. చేతిలో కొత్త పత్రం ఉంది. నాకు ఇవ్వలేదు. తనే కళ్ళజోడు పెట్టుకుని బల్ల దగ్గర గంటసేపు చదివారు. మధ్యలో రెండుసార్లు తలెత్తి అడిగారు, ట్రయల్ మానేస్తే నిజంగా ఏమీ అనరా అని, మందులేని మాత్ర వచ్చి ఉంటే తర్వాతైనా చెబుతారా అని. తెలిసినంత చెప్పి, మిగతాది డాక్టరమ్మనే అడగమన్నాను. పత్రం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు. వారం తర్వాత చేరారు. సాక్షిగా ఆస్పత్రి నర్సు ఎవరో సంతకం పెట్టిందట. ఆయనకు వస్తున్నది ఏ మాత్రో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు.

ఇందులో నన్ను ఇప్పటికీ కెలికేది అక్కయ్య సంగతి. ఆ మధ్యాహ్నం నేను ఆటో ఎక్కాక ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. పది రోజులు ఆయన ఆమె చేతి అన్నం తినలేదని మాత్రం తర్వాత మా ఆయన ద్వారా తెలిసింది. క్షమించమని అడగడానికి వెళ్ళాను. ఆమె కాఫీ ఇచ్చింది, పిల్లల చదువులు అడిగింది, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. పొడి మాట ఎత్తబోతే, "పోనీలే, ఆయన బాగున్నారు కదా," అంది. ఫోన్ చేస్తే ఇప్పుడూ ఎత్తుతుంది, అందరూ బాగున్నారంటుంది. అంతకుమించి ఆ ఇంటి సంగతి ఒక్కటీ నాతో చెప్పదు.